నేను రాసిన పుట్టినరోజు

మా వాడికి పుట్టినరోజులు రెండు. ఒకటి వాళ్ళమ్మ కన్నది, రెండోది నేను రాసింది. మొదటిదానికి సాక్ష్యం లేదు, రెండోదానికి సర్టిఫికెట్టు ఉంది. వాడికి పద్దెనిమిది నిండే వేళకు ఈ రెండింటిలో ఏది నిజమో కోర్టు తేల్చాల్సి వచ్చింది. అది తేలడానికి ఒక మనిషి నిండు కోర్టులో చొక్కా ఎత్తి కడుపు చూపించాడు. మొన్న వాడికి ఇరవై ఒకటి నిండాయి కాబట్టి ఇక చెప్పినా ఎవరికీ నష్టం లేదనిపించి రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్ని. పరీక్షలో తేదీ తప్పు రాసిన పిల్లలకు అర మార్కు కోసేవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత మీరే కనిపెట్టి నవ్వుకునే శ్రమ తప్పుతుంది.

మా ఆవిడది కుప్పం దగ్గర పల్లె. తొలి కానుపుకు పుట్టింటికి వెళ్ళింది. ఆ ఊళ్ళో ఏటా శివరాత్రికి అటూ ఇటూగా, పెద్దలు ఒక ఆదివారం చూసి ఎద్దుల పండగ పెడతారు. ఎద్దు కొమ్ములకు రంగు కాగితాలు అంటించిన చెక్క పలక కట్టి, రెండు పక్కలా జనం కిక్కిరిసిన సందులోకి వదులుతారు. కుర్రాళ్ళు దాని మీద పడి ఆ పలక లాక్కోవాలి. అది ఆట అన్న సంగతి ఎద్దుకు మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ ఏడు మా మామగారి ఎద్దు వెనకవీధి మనిషినొకణ్ణి కొమ్ముతో ఎత్తి పడేసింది. బొడ్డు పక్కనుంచి రొమ్ము కిందిదాకా చీలిపోయింది. బయటికొచ్చిన పేగులను లోపలికి తోసి, తువ్వాలు అదిమి పెట్టారు. సరిగ్గా అదే సమయానికి మా ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో జీపు ఒకటే. ఎవరు ముందు అని వాదించుకోవడానికి వ్యవధి లేక ఇద్దరినీ ఎక్కించారు. ఆ మనిషి కింద, కాళ్ళు పెట్టుకునే చోట పడుకున్నాడు. మా ఆవిడ సీటు మీద. పక్కన మా అత్తగారు. అది రోడ్డని అప్పటి ప్రభుత్వం అనుకునేది. కుప్పం ఇంకా నాలుగు మైళ్ళుందనగా మా వాడు తొందరపడి దిగిపోయాడు. జీపులోని నెత్తుట్లో ఎవరి వాటా ఎంతో చెప్పలేమనీ, రెండు రోజులు కడిగాననీ డ్రైవరు బతికున్నన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

ఆసుపత్రిలో ఆ మనిషిని లోపలికి తీసుకెళ్ళి కుట్లు వేశారు. తల్లీబిడ్డలను గుమ్మంలోనే చూసి, బాగానే ఉన్నారు కదా అన్నారు. మా అత్తగారు అదే జీపు వెనక్కి తిప్పించింది. అలా ఆసుపత్రి పుస్తకంలో మా వాడు ఎక్కలేదు. ఊరి ఉద్యోగికి చెప్పి రాయించాల్సింది మా మామగారు. ఆయన ఆ వారమంతా ఎద్దును దాచే పనిలో ఉన్నాడు, ఎందుకంటే వెనకవీధివాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని దానికోసం వెతుకుతున్నారు. ఎద్దు దొరకలేదు. కొట్టం తగలబెట్టారు. మామగారి ముందుపళ్ళు రెండు రాలగొట్టారు. ఈ హడావుడిలో మనవడు పుట్టాడని చెప్పడం ఎవరికీ కుదరలేదు. నేను పుంగనూరు నుంచి మూడో రోజు స్వీటు పొట్లంతో దిగాను.

వాడికి నాలుగేళ్ళ మూడు నెలలప్పుడు పుంగనూరులోనే ఒక బడికి తీసుకెళ్ళాను. ఐదు నిండితేనే ఒకటో తరగతి అన్నాడు అక్కడి పెద్దాయన. నిండాయన్నాను. అప్పట్లో కాగితాల కంటే చెవి నమ్మకమైన సాక్ష్యం. పిల్లవాడి కుడిచెయ్యి నెత్తి మీదుగా పోయి ఎడమ చెవిని అందుకుంటే ఐదు నిండినట్టు. మా వాడి వేళ్ళు చెవికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. నేను ప్రేమగా వాడి తల నిమురుతున్నట్టు కొంచెం వంచాను. చెవి అందింది. దరఖాస్తులో, వాడు పుట్టకముందటి ఏడు జూన్ ఒకటి అని రాశాను. ఆ రోజుల్లో మా జిల్లాలో పిల్లలంతా జూన్ ఒకటినే పుట్టేవారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్ళమ్మ మోసిన తొమ్మిది నెలలకు నేను ఇంకో తొమ్మిది కలిపాను. ఎందుకంటే, ఒక ఏడాది కలిసొస్తుందని. ఏడాది ముందు చదువు, ఏడాది ముందు ఉద్యోగం, ఏడాది ఎక్కువ జీతం. చదువుకున్న తండ్రి ఆలోచన ఇలాగే ఉంటుంది.

కలిసొచ్చిన మొదటి సంగతి ఏమిటంటే, తరగతిలో అందరికంటే చిన్నవాడు మా వాడే అయ్యాడు. మొదటి నెలలో పలక చట్రంతో చెవి చీల్చారు. రెండో నెలలో బోరింగు పిడికి ముఖం వేసి కొట్టారు, పాలపన్ను ఒకటి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత నెలల వారీగా లెక్క పెట్టడం మానేశాను. మా ఆవిడ రోజూ సాయంత్రం పసుపు, దూది సిద్ధంగా పెట్టుకునేది. నేను కాలేజీ నుంచి రాగానే ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి.

"తిరిగి కొట్టినావా?"

"అందలేదు నాయనా."

వాడు సాకు చెప్పడం లేదు. నిజంగానే అందేది కాదు. వాడి పిడికిలి ఎదుటివాడి రొమ్ము దగ్గరే ఆగిపోయేది. ఒక సాయంత్రం కనుబొమ చిట్లి వచ్చాడు. అప్పుడు నేను వాడికి జీవితంలో ఉపయోగపడే సలహా ఒకటి ఇచ్చాను.

"అందకపోతే చేతికి ఏదన్నా తీసుకో."

మా ఆవిడ దూది పట్టుకుని నావైపు చూసింది. "బిడ్డకు సెప్పే మాటేనా అయ్యా అది?" అంది. ఏదో అన్నానులే అన్నాను. మా వాడు మాత్రం వింటున్నాడు. నేను చెప్పిన పాఠాల్లో ఒక్కసారికే బుర్రకెక్కింది అదొక్కటే.

మదనపల్లెకు బదిలీ అయ్యాక, వాడు ఏడో తరగతిలో ఉండగా, పదో తరగతివాడొకడు వాడి మెడ పట్టుకుని గోడకు రుద్దాడు. మా వాడు నిండుగా ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాతో వాడి తల మీద కొట్టాడు. నాలుగు కుట్లు పడ్డాయి. బడివాళ్ళు పిలిపిస్తే వెళ్ళి చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పాను. ఇంటికొచ్చే దారిలో వాడికి బిరియాని తినిపించాను. ఇది చెప్పుకోదగిన విషయం కాదు. కానీ తినిపించాను. వాడు ఎముక చీకుతూ, "నెత్తురు వేడిగా ఉంటాది నాయనా" అన్నాడు. తిను, చల్లారిపోతుంది అన్నాను.

ఆ తర్వాత వాడి జోలికి ఎవరూ రాలేదు. డిగ్రీ రెండో ఏడుకొచ్చాడు. జూన్ ఒకటి రాగానే, నేను రాసిన వయసుకు పద్దెనిమిది నిండాయని డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుని నా ముందు పెట్టాడు.

"ఇంక నేను మేజర్ నాయనా."

"మీ అమ్మ లెక్కలో ఇంకా తొమ్మిది నెలలు ఆగాలి."

"అమ్మ లెక్క ఎవరు అడుగుతారు?"

అడిగేరోజు వచ్చింది. ఆ ఏడు ఎద్దుల పండగకు పల్లెకు పోయాం. పండగ ఆదివారం పెద్దల ఇష్టం కాబట్టి, వాడి అసలు పుట్టినరోజుకు పన్నెండు రోజులు ముందే వచ్చింది. మా బావమరిది ఎద్దును వదిలాడు. వెనకటి ఎద్దుకు మనవడి వరస అది. చీల్చుకుపోయిన ఆ మనిషి కొడుకు, మా వాడి ఈడువాడే, వాడికంటే తలెత్తు పొడుగు, ఎద్దు మూపురం కౌగిలించుకుని, అది సందు చివరిదాకా ఈడ్చుకుపోయి మోకాళ్ళ చర్మం ఊడిపోయినా వదలకుండా పలక లాక్కున్నాడు. తోక పట్టుకున్నాడు, చెల్లదు అని మా బావమరిది అరిచాడు.

"సెల్లదా? మీ ఎద్దు మా నాయన కడుపు సీల్సినప్పుడు సెల్లిందే! ఈ పొద్దు పలక నాది. సరికి సరి."

మా వాడు వెళ్ళి పలక ఇవ్వమని చెయ్యి చాచాడు. నేను మిద్దె మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాను.

"పోరా టవును పిల్లోడా, పాలు తాగిపో" అని ఆ అబ్బాయి రొమ్ము మీద తోశాడు. మా వాడు దుమ్ములో పడ్డాడు. లేవబోతే డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. జనం ఈలలు వేశారు. నోట్లో మన్ను ఉమ్ముతూ లేచిన మా వాడి చేతికి కిందపడిన పలక దొరికింది. కాగితాలు నిలవడానికి దాని అంచున మేకులు కొట్టి ఉన్నాయి.

రెండు దెబ్బలు. మొదటిదానికి ఆ అబ్బాయి మోకాళ్ళ మీద కూలాడు. అది నేను నేర్పిన దెబ్బ. రెండోది వాడు కూలిపోయాక, ముఖం మీద పడింది. అది మా వాడి సొంతం. ఎడమ కంటిలోంచి కారింది నెత్తురొక్కటే కాదు. ఆ అరుపు విని ఎద్దు కూడా ఆగిపోయింది. నా గుప్పెట్లో శనక్కాయలు అలాగే ఉన్నాయి.

మళ్ళీ అదే దారి, కుప్పానికి, ఇంకో జీపులో. నేను వెనక వెళ్ళాను. ఆసుపత్రి ముందు ఆ అబ్బాయి మేనమామలు నన్ను కొట్టారు. ఊరి అల్లుణ్ణి కాబట్టి మర్యాద పాటించి, చెప్పులు కాళ్ళకే ఉంచుకుని వట్టి చేతులతో కొట్టారు. కళ్ళద్దాలు పగిలి ఒక ముక్క చెంపలో దిగింది. మా ఆవిడ వచ్చి అడ్డం నిలబడింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ముక్క తీస్తూ ఒకే మాట అంది.

"సేతికి ఏదన్నా తీసుకోమన్నది ఎవురు?"

ఇన్నేళ్ళూ ఆ మాట దాచిపెట్టుకుందని నాకు తెలీదు.

మా బావమరిదే మా వాణ్ణి పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళి అప్పగించాడు. హత్యాయత్నం కేసు అన్నారు. కుప్పంలో ఒక వకీలు దగ్గర కూర్చున్నాం. వయసెంత అని అడిగాడు. "పద్దెనిమిదికి ఇంకా పన్నెండు దినాలుండాయి" అంది మా ఆవిడ. వకీలు పెన్ను కింద పెట్టి ముందుకు వంగాడు.

"నిజమా అమ్మా? పద్దెనిమిది లోపలైతే పిల్లల బోర్డుకు పోతాది. మందలిచ్చి దారిలో పెడతారు. నిండినాయంటే మాత్రం పెద్దోళ్ళ జైలు. ఏండ్లు. బయటికొచ్చేతలికి వాడు మీ వాడుగా ఉండడు. కాగితం ఏముండాది?"

నేను పదో తరగతి సర్టిఫికెట్టు తీశాను. పద్దెనిమిదేళ్ళ ఎనిమిది నెలలు. పోలీసుల దగ్గర లైసెన్సు కూడా అదే చెబుతోంది. పైగా అది వాడి జేబులోనే దొరికింది. వకీలు నా ముఖం చూశాడు. అప్పుడు జూన్ ఒకటి సంగతి, చెవి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

ఎక్స్‌రే తీసి ఎముకలను అడిగారు. పదిహేడుకూ పంతొమ్మిదికీ మధ్య అన్నాయి అవి. మిగిలిన సాక్షులు ఎవరా అని చూస్తే, అత్తగారు పోయింది, మామగారు పోయాడు, జీపు డ్రైవరు పోయాడు. తల్లి మాట తల్లి మాటే, కోర్టుకు చాలదు. మూడో రోజు మా ఆవిడ చెప్పింది.

"ఒకాయన కాడుండాది కాగితం. ఆ పొద్దు కుట్లేసినప్పుడు ఇచ్చిన చీటీ. తేదీ ఉంటాది. ఎద్దు తగువు పంచాయితీలో సూపిచ్చినాడు, పారెయ్యలేదు. నన్నూ ఆయన్నీ ఒకే జీపులో తోలుకపొయ్యింది ఆయనకు తెలుసు."

అంటే, మా ఎద్దు కడుపు చీల్చిన మనిషి. మా వాడు కన్ను తీసిన అబ్బాయి తండ్రి. మా వాడికి పద్దెనిమిది నిండలేదని చెప్పగలిగినవాడు లోకంలో ఆయనొక్కడే మిగిలాడు.

పొద్దున్నే వెళ్ళాను. ఆయన పట్టుపురుగుల షెడ్డులో మల్బరీ ఆకు తరుగుతున్నాడు. మూరెడు కత్తి. నన్ను చూసి ఆపలేదు.

"రా అయివోరా. సూసి కూసో. పురుగులుండాయి."

మా వైపు పంతులుకు ఇచ్చే మర్యాద అది. కూర్చున్నాను. వాకిట్లో ఆయన భార్య చీపురు విసిరికొట్టింది. "ఎద్దుని ఎట్ల పెంచినారో కొడుకునీ అట్లే పెంచినారు. ఇంగా ఏం మిగిలుండాదని వచ్చినాడంట?" లోపల మంచం మీద ఆ అబ్బాయి తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు. మిగిలిన కన్నుతో నన్నే చూస్తున్నాడు.

నేను వచ్చిన పని చెప్పాను. క్లాసులో గంటసేపు తడబడకుండా మాట్లాడేవాణ్ణి, ఆ నాలుగు మాటలకు మూడుసార్లు ఆగాను.

"ఆ వయసు రాసిందెవురు?" అన్నాడు ఆయన.

"నేనే."

"యాల రాసినావు?"

"ఒక ఏడాది కలిసొస్తుందని."

కత్తి ఆగింది. "కలిసొచ్చిందా?"

లోపలినుంచి ఆ అబ్బాయి అన్నాడు, "నాయనా, ఆయన్ని పొమ్మను. లేకుంటే నేనే లేస్తా."

ఆయన మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు. "అబద్దం సెప్పేవోణ్ణి కాదు నేను. నిజం సెప్పేదానికి గూడా ఇప్పుడు నాకు మనసు ల్యా. పో అయివోరా. కత్తి సేతిలో ఉండాది, ఊరికే కూసోబాక."

వచ్చేశాను.

వాడికి నిజంగా పద్దెనిమిది నిండిన రోజున జైల్లో చూడటానికి వెళ్ళాం. మా ఆవిడ కేసరి చేసింది. లోపలికి పంపనివ్వరని తెలిసే చేసింది. కమ్మీల వెనక వాడి చెంప వాచి, ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. ముందు రోజు దుప్పటి దగ్గర గొడవట. పెద్దవాళ్ళు ముగ్గురు పట్టుకుని నేలకేసి కొట్టారట. నా నోటిదాకా ఆ పాత ప్రశ్న వచ్చింది. పళ్ళు బిగించి లోపలే ఆపాను. వాడికి అర్థమైంది.

"ఈడ అందరూ నాకంటే పెద్దోళ్ళే నాయనా," అన్నాడు. "ఒకటో క్లాసు మాదిరే ఉండాది."

వాళ్ళమ్మ కమ్మీల్లోంచి వేళ్ళు దూర్చి వాడి గడ్డం పట్టుకుంది. గడ్డం మొలిచింది. నేను గమనించలేదు. వాడే అన్నాడు, "రెండో దెబ్బ ఎందుకు కొట్టినానో నాకే తెలీదు నాయనా. మొదటిదానికే వాడు అయిపొయినాడు. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాల?" ఎవరూ అడగరు అన్నాను. "మీరన్నా అడగండి" అన్నాడు. టైం అయిపోయిందన్నారు. కేసరి గిన్నె మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నాం.

వయసు విచారణ రోజున మొదట నన్ను పిలిచారు.

"అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"అప్పటిదండి."

"మీరు లెక్చరరు కదా, ఏం చెబుతారు?"

"చరిత్ర."

వెనక ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. నేను అబద్ధం చెప్పిననాడు ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నిజం చెప్పిననాడు ముప్పావుగంట అడిగారు, ఒక్కరూ నమ్మలేదు. ఆ అబద్ధం అంత బాగా కుదిరింది మరి.

తర్వాత మా వకీలు ఆశ లేకుండానే ఆ మనిషి పేరు పిలిపించాడు. ఆయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన పంచె, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులోంచి మడతల్లో చిరిగిన చీటీ తీసి ఇచ్చాడు. జడ్జిగారు తేదీ చదివారు.

"ఇది మీ గాయం చీటీ. ఆ అబ్బాయి అదే రోజు పుట్టాడని మీకెట్లా తెలుసు?"

ఆయన చొక్కా ఎత్తాడు. బొడ్డు పక్కనుంచి రొమ్ము కిందిదాకా, దబ్బనంతో కుట్టిన గోనెసంచి మూతిలా ఉంది మచ్చ.

"నేను జీపులో కింద పండుకోనుంటి సార్. ఆయమ్మ సీటు మీద ఉన్నింది. బిడ్డ పుట్టె. బొడ్డు కోసి, తల్లిని సూసుకోవల్లంటే ముసలామెకు రెండు సేతులూ కావల్ల. బిడ్డని పెట్టేదానికి యాడా సోటు ల్యా. 'పట్టుకోరా' అని నా రొమ్ము మీద పెట్టె. ఒక సేత్తో నా పేగులు పట్టుకోనుంటి, ఇంకో సేత్తో వాణ్ణి పట్టుకోనుంటి. నాకు కండ్లు మూతలు పడతాండాయి. పడేటప్పుడల్లా వాడు ఏడ్సేది, నేను తెరిసేది. కుప్పం దాకా అట్లే పోతిమి. ఎట్ల మర్సిపోతాను సార్?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె తల వంచుకుంది. తర్వాత అడిగితే, "నువ్వు ఎప్పుడూ అడగలేదు కదయ్యా. స్వీటు తెచ్చినావు, తినేసి పొయినావు" అంది.

జడ్జిగారు చీటీ బల్ల మీద పెట్టారు. "మీ అబ్బాయి కన్ను పోగొట్టింది ఇతనే కదా?"

"వాడే సార్. దానికేం శిక్ష ఉంటే అది వెయ్యండి. వాళ్ళ నాయన రాసిన వయసుకు మాత్రం వెయ్యబాకండి."

కేసు పిల్లల బోర్డుకు పోయింది. అక్కడ వాణ్ణి రెండో దెబ్బ గురించి అడిగారట. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కొంతకాలానికి మంచి నడత షరతు మీద వదిలారు.

ఆ విచారణ రోజునే కోర్టు బయట చింతచెట్టు కింద నేను ఆయనకు చేతులు జోడించబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకుని కిందికి దించాడు. నొప్పి పుట్టేట్టే పట్టుకున్నాడు.

"మొక్కబాక అయివోరా. నీకోసరం సెయ్యలే. ఆ తేదీ నాకూ పుట్టినదినమే, ఆ పొద్దు నేను సావలేదు. ఏటా ఆ తేదీకి వాణ్ణి నా ఇంటికి తోలు. ఒక్కణ్ణే. నా కొడుకుతో కూసోని పొద్దుగూకేదాకా ఆకు తరగనీ. ఏం జరిగినా నువ్వు అడగబాక."

అడగనని ఒప్పుకున్నాను. మా వాడు బయటికొచ్చాక చెబితే, పోతాను అన్నాడు.

పంతొమ్మిది నిండిన రోజు మదనపల్లె బస్టాండులో పొద్దున ఎక్కించాను. రాత్రికి కింది పెదవి రెండుగా చిట్లి వచ్చాడు. బస్సులో కమ్మీ తగిలిందన్నాడు. వయసులు మార్చి రాసినవాణ్ణి, అబద్ధం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అడగలేదు. ఇరవై నిండిన రోజు ఎడమచెయ్యి గుమ్మడికాయలా వాచి వచ్చాడు. జారిపడ్డానన్నాడు. అప్పుడూ అడగలేదు. మా ఆవిడ మాత్రం ఆ రెండుసార్లూ దూది పెట్టె తీసి, నా ముఖం చూసి, మూసింది. ఈ మధ్యలో వాడు ఆరంగుళాలు పెరిగాడు. మా ఇంటి గుమ్మం కింద వంగి రావాల్సి వస్తోంది. చేతులు కూడా అంతే పొడుగయ్యాయి. చెవి అందుకోవడానికి ఇప్పుడు తల వంచక్కర్లేదు.

మొన్న ఇరవై ఒకటి నిండాయి. కనుబొమ మీద మూడు కుట్లతో వచ్చాడు. కుప్పంలోనే వేయించుకుని వచ్చాడట. చొక్కా మీద నెత్తురు ఎండి అట్టకట్టింది. చేతుల్లో మల్బరీ ఆకు వాసన. కూర్చోబెట్టి వాళ్ళమ్మ గాయం తుడుస్తోంది. ఒకటో తరగతిలో చిట్లింది కూడా అదే కనుబొమ. ఇచ్చిన మాట తప్పాను.

"తిరిగి కొట్టినావా?"

మా ఆవిడ చెయ్యి ఆగింది.

"లేదు నాయనా."

"అందలేదా?"

ఏదో తేలిక చేద్దామనే అన్నాను. వాడు నవ్వలేదు. దూది కింద కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"అందుతాడు నాయనా. వానికి ఆ పక్క కనపడదు కదా. నేను చెయ్యెత్తినా తెలీదు. ఎట్ల కొట్టేది?"

వాళ్ళమ్మ తడి దూది పారేసి కొత్తది తీసుకుంది. నేను లేచి, ఆ పొద్దున వాళ్ళమ్మ చేసి మూతపెట్టి ఉంచిన కేసరి గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టాను.